రాయి మునిగిన రోజు

మొదటి కేకకు పిచ్చుకలు లేచాయి. రెండో కేకకు పావురాలు లేచి, రోడ్డవతల ఆస్పత్రి పిట్టగోడ మీద వరసగా వాలి, ఈ ముసలాడు ఎప్పుడు అలిసిపోతాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాయి. మూడో కేక పిట్టల కోసం కాదు, గొంతు ఇంకా తన మాట వింటోందో లేదో చూసుకోవడానికి. ఆ కేకకు అద్దాల బిల్డింగులో ఎక్కడో ఓ కిటికీ టక్కున మూసుకుంది. స్కూటరు మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన తననే ఎవరో పిలిచారనుకుని బ్రేకు వేసి, నాలుగు దిక్కులా చూసి, సిగ్గుపడి వెళ్లిపోయాడు.

కేకల మావయ్య తృప్తిగా మీసం తుడుచుకుని, కల్లంలో ఆరబోసిన జొన్నకంకులను కాళ్లతో తిరగదోయడం మొదలుపెట్టాడు. అవి కాళ్లు కావు, రెండు పాత పనిముట్లు. మడమల్లో పగుళ్లు ఎంత లోతంటే, ఒక ఏడాది వాటిలో ఇరుక్కున్న గింజ మొలకెత్తిందనీ, అది నాలుగాకులు వేసేదాకా అతను చెప్పులు తొడుక్కోలేదనీ గేటు దగ్గరి టీ బాబాయి వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. టీ బాబాయి టీలో ఎన్ని నీళ్లో మాటల్లోనూ అన్ని నీళ్లు. అయినా ఆ మడమలు ఒకసారి చూసినవాళ్లు నమ్మకుండా ఉండలేరు.

మనిషి సన్నం. ఏళ్ల తరబడి మోపులు మోసి కుడిభుజం కాస్త కిందికి దిగిపోయింది. చెవుల మీద తెల్లటి వెంట్రుకలు మొక్కజొన్న పీచులా లేచి ఉంటాయి. కుడికన్ను ఆపరేషన్ అయిన కొత్త కన్ను, ఎడమది పాతది. కొత్తదానితో గింజల్ని చూస్తాననీ, మనుషులకు పాతది చాలనీ అంటాడు.

అతని చుట్టూ ఎకరం పైచిలుకు నేల. ఒక పక్క ఆస్పత్రి, ఒక పక్క బస్సు డిపో, ఒక పక్క బట్టల దుకాణాలు, మిగిలిన పక్క అద్దాల బిల్డింగు. ఆ బిల్డింగు లేచిన ఏడాది పొలానికి మధ్యాహ్నపు ఎండ పోయిందని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. తీరా చూస్తే పొద్దుట పూట దాని అద్దాల మీద పడిన ఎండ వెనక్కి తిరిగి ఇటే వచ్చింది. అప్పటి నుంచి ఈ నేలకు రెండు సూర్యుళ్లు. తూర్పున ఒకడు, పడమటి గోడలో ఒకడు. రెండో సూర్యుడి వరసలో ఉన్న జొన్న మిగతాదానికంటే ముందే పండుతుంది.

కల్లం మధ్యలో రాయి ఉంది. మోకాలెత్తు నల్లరాయి, పైన గుండ్రంగా, బట్టతలలా నున్నగా. దాని ఒంటి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. కేకల మావయ్యకు చదువు రాకపోయినా ఆ అక్షరాలు వేళ్లకు వచ్చు. ఆ రాయి కోసమే ఇవాళ ఇంత పొద్దున్నే కేకలు.

ఆ సంగతి చెప్పాలంటే అమ్మగారి దగ్గరికి పోవాలి.

అమ్మగారి తాతల కాలంలో ఈ పొలం ఎంతదంటే, ఈ మూల గడ్డం గీసుకుని బయలుదేరినవాడు ఆ మూలకు చేరేసరికి మళ్లీ గీసుకోవలసి వచ్చేదట. అప్పట్లో నగరం ఎక్కడో దూరంగా, మసక దీపాల వరసలా కనబడేది. అది నిద్రలో దొర్లే పసివాడిలా రోజూ కొంచెం కొంచెం ఇటు జరిగింది. మొదట ఒక రోడ్డు వచ్చింది. రోడ్డు ఒంటరిగా ఉండలేక దుకాణాల్ని పిలుచుకుంది. మిరపచేను బస్సు డిపో అయింది. నిమ్మతోట ఆస్పత్రి అయింది. ఇప్పటికీ వాన పడిన రోజున మూడో వార్డులో నిమ్మాకు వాసన వస్తుందని నర్సులు అంటారు. అన్నదమ్ములంతా తమ వాటాలు అమ్ముకుని చక్కా పోయారు. అమ్మగారు మాత్రం తన ముక్కను పట్టుకుని కూర్చుంది. పిల్లల్లేరు. ఒళ్లు సహకరించడం మానేసిన రోజున నగరపు పెద్దలందరినీ ఈ కల్లానికి పిలిపించి, పొలాన్ని వాళ్ల చేతుల్లో పెట్టింది.

పెద్దలు సంతోషించారు. అప్పుడు అమ్మగారు చేతికర్రతో రాయిని చూపించింది.

“ఏటా ఈ నేల గింజ ఈ రాయిని కప్పాలి. కప్పినంతకాలం ఇక్కడ ఇటుక మీద ఇటుక పెట్టకూడదు. కప్పని ఏడాది మీ ఇష్టం.”

రాయి మీద చెక్కింది కూడా అదే. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నగరం నడిబొడ్డున జొన్న ఎవడు పండిస్తాడు, ఏడాది ఓపిక పడితే చాలు అనుకున్నారు. ఆ పక్కనే చేట పట్టుకుని నిలబడ్డ మనిషిని వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

పొలంతో పాటు పొలం మనిషీ వచ్చాడు కాబట్టి మర్నాడే అతన్ని నగరం ఉద్యోగంలోకి తీసుకోవలసి వచ్చింది. తీరా చూస్తే ఆఫీసులో రైతు అనే ఉద్యోగమే లేదు. చాలా వెతికి వీధిదీపాల స్తంభాలకు రంగు వేసే పనిలో వేశారు. ఏటా ఒక డబ్బా ఆకుపచ్చ రంగు, ఒక కుంచె ఇచ్చేవారు. అతను ఒక్క స్తంభానికీ రంగు వేసిన పాపాన పోలేదు. గేటుకు, స్టూలుకు, నీళ్లతొట్టికి, చివరికి దిష్టిబొమ్మకు కూడా వేశాడు. అంత పచ్చగా ఉంటే పిట్టలు చెట్టనుకుని దాని మీదే గూడు పెట్టాయి. అప్పటి నుంచి దిష్టిబొమ్మను నమ్మడం మానేసి గొంతునే నమ్ముకున్నాడు.

ఆ ఏడాది రాయి మునిగింది. మరుసటి ఏడాదీ మునిగింది. వానలు లేని ఏడాది ఆస్పత్రి కిటికీ ఏసీల నుంచి కారే నీళ్లకు గొట్టాలు కట్టి చేలోకి మళ్లించాడు. “రోగులు చల్లబడుతుంటే నా జొన్న దాహం తీర్చుకుంటోంది” అనేవాడు. ఎద్దులు లేని ఏడాది ఎవరో పుణ్యాత్ముడు సలహా ఇస్తే రోడ్డు రోలరు తెచ్చి కంకుల మీద తొక్కించాడు. గింజ పోయి పిండి మిగిలింది. దాన్ని చేటతో ఎగరేస్తే డిపోలో బస్సులన్నీ తెల్లబడ్డాయట. అయినా తొక్కించకుండా దాచిన మోపులు కర్రతో కొట్టి రాయిని ముంచాడు. పెద్దలు మారారు, ఆఫీసర్లు మారారు, బస్సుల రంగులు మారాయి. రాయి మాత్రం ఏటా ఒకసారి స్నానం చేసినట్టు గింజలో మునిగి లేచేది.

ఈ ఏడాదే వచ్చింది చిక్కు.

“మావయ్యా, కర్రలు తెచ్చా” అంటూ గేటు తోసుకుని వచ్చాడు ఆ చిక్కు.

అతని పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ మిషనే. నడివయసు, గుండ్రటి పొట్ట, పార్కుల్లో గడ్డి కోసే యంత్రాన్ని తోసి తోసి ఎప్పుడూ ముందుకు వంగే నడక. ఖాళీ చేతులతో నడిచినా ఏదో తోస్తున్నట్టే ఉంటాడు.

“కర్రలు తెచ్చావు సరే. యంత్రం తేలేదు కదా?”

“పొద్దున్నే మొదలెట్టావా!” అన్నాడు మిషను దీనంగా.

“అడుగుతా మరి. చెట్టు కానిదల్లా గడ్డే అనుకునే మహానుభావుడివి. నా తలకాయ కూడా చెట్టు కాదు.”

కేకల మావయ్య జన్మలో పొలానికి రానిది ఒకేసారి, కంటి ఆపరేషన్‌కి. కూతురు పోరు పడలేక వెళ్లాడు. ఆ పూటే ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని దారి పొడుగునా గడ్డి కోయమని మిషనును పంపించారు. పుట్టి బుద్ధెరిగాక జొన్నచేను చూసి ఉంటేనా! మోకాలు దాటిన పచ్చదనం కనబడగానే ఇంత బాగా పెరిగిన గడ్డిని ఎవరూ పట్టించుకోలేదే అని జాలిపడి, యంత్రం తెచ్చి, ఎకరం పైచిలుకునూ చాపలా చదును చేసేశాడు. చారలు చారలుగా, ఒక వరస ముదురు, ఒక వరస లేత. కంటికి కట్టుతో కేకల మావయ్య గేటులో అడుగుపెట్టేసరికి ఎదురొచ్చి చేతులు చాపి చూపించాడు.

“ఎలా ఉంది మావయ్యా? ఎంత నున్నగా గీశానో చూడు!”

ఆ రోజు కేక రాలేదు. అదే అందరినీ భయపెట్టింది. అతను గట్టు మీద కూలబడి, ఒంటికన్నుతో చూస్తూ ఉండిపోయాడు. టీ బాబాయి వచ్చి పక్కన కూర్చుని, మొదటిసారిగా కథేమీ చెప్పలేదు. కబురు ఎలా పాకిందో పాకింది; వారం తిరక్కుండా గేటు పక్కన పెద్ద బోర్డు లేచింది. దాని మీద అంతస్తుల మీద అంతస్తులుగా కార్లు నిలబెట్టే భవనం బొమ్మ. వెనక నీలాకాశం. ఆ ఆకాశం వేసినవాడు భవనం వచ్చాక అది కనబడదని ఆలోచించినట్టు లేదు.

అయితే జొన్న మొండిది. కోస్తే చస్తుంది అనుకుంటే పొరపాటు. నాలుగు రోజుల తర్వాత కేకల మావయ్య మోకాళ్ల మీద వంగి చూస్తే, తెగిన మోడు పక్క నుంచి పచ్చటి నాలుకలా ఒక పిలక. పక్క మోడుకు రెండు. అతను మెల్లగా లేచి, దూరంగా తలవంచుకుని నిలబడ్డ మిషనును పిలిచాడు.

“ఏడ్చింది చాలు. నీళ్లు మొయ్యి.”

మిషను మోశాడు. డ్యూటీ ముందు మోశాడు, డ్యూటీ తర్వాత మోశాడు. పిలకలు పలచన చేశాడు, కలుపు తీశాడు. చేనూ గడ్డీ రెండూ ఒకలా ఉండవని వేళ్లతో తెలుసుకున్నాడు. మోడు పంట కాబట్టి కంకులు చిన్నవి, పాకుడు మెట్లు ఎక్కుతున్నట్టు ఆలస్యంగా పాలుపోసుకున్నాయి. కోత కూడా మావయ్య పక్కన నిలబడి కోశాడు. ఒకే పంటను రెండుసార్లు కోసిన మొనగాడు ప్రపంచంలో వీడొక్కడే అని కేకల మావయ్య బిరుదు ఇచ్చాడు.

ఇవాళ్టికి అమ్మగారు పొలం అప్పగించిన రోజు తిరిగి వచ్చింది. ఏడాది గడువు ఇవాళ పొద్దుగూకేదాకా. ఆలోగా రాయి మునగాలి. లేకపోతే రేపు బోర్డులో బొమ్మ నేల మీదికి దిగుతుంది.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కంకుల్ని కర్రలతో కొట్టడం మొదలుపెట్టారు. ఒకరి కర్ర దిగేటప్పుడు ఇంకొకరిది లేవాలి. ధప్, ధప్, ధప్. ఆస్పత్రి వరండాలో గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్న రోగులు ఆ తాళానికి అడుగులు వేశారు. దుమ్ము లేచి రెండు సూర్యుళ్ల వెలుగులో బంగారంలా తేలింది. కేకల మావయ్య భుజం నొప్పి పెడుతోంది. ఛాతీలో ఎడమ పక్క ఏదో పట్టేసినట్టు రెండుసార్లు అనిపించింది. కర్ర చెయ్యి మార్చుకున్నాడు, అంతే.

గేటు ముందు బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు సీటులోంచి కూతురు తల బయటపెట్టింది. ఆ స్టాపును జనం పొలం స్టాపు అంటారు, బోర్డు మీద ఏం రాసి ఉన్నా సరే.

“నాన్నా, తిన్నావా?”

“నువ్వు బస్సు నడుపు. నా పొట్ట నడపకు.”

“మాత్ర వేసుకున్నావా?”

“వేశా. పిట్టలకి.”

బస్సులో జనం నవ్వారు. “ఇంటికి రా, నీ పని చెబుతా” అంది కూతురు గేరు మారుస్తూ. మాట కరుకు, కళ్లు మాత్రం రాయి మీదే ఉన్నాయి. ఆ కల్లంలో ఆరిన కంకుల మీద పాకి, ఆ రాయిని పట్టుకుని నిలబడి, అక్కడే మొదటి అడుగు వేసిన పిల్ల ఆమె.

వాళ్లమ్మ కూడా ఇక్కడికే వచ్చింది, కోతకు. చేట అందిస్తూ, “ఆ కేకలు ఇంట్లో కూడా వేస్తావా?” అని అడిగింది. “వెయ్యను” అన్నాడు. పెళ్లిమాటలంటే అవే. అన్న మాట మీద ఆవిడ పోయేదాకా నిలబడ్డాడు. పొలంలో అరిస్తే బస్సులు ఆగేవి, ఇంట్లో మాట్లాడితే పిల్లి కూడా చెవి ఎత్తేది కాదు.

మధ్యాహ్నం దాటాక గాలి వచ్చింది. ఆస్పత్రికీ అద్దాల బిల్డింగుకూ మధ్య సందు ఉంది. ఊళ్లో ఎక్కడా ఆకు కదలకపోయినా ఆ వేళకు ఆ సందులోంచి గాలి వచ్చి తీరుతుంది. కేకల మావయ్య పచ్చరంగు స్టూలెక్కి, చేట తలపైకెత్తి, గింజను సన్నని ధారగా వదిలాడు. పొట్టు డిపో వైపు ఎగిరిపోయింది. గింజ నిటారుగా దిగి రాయి భుజాల మీద పడింది. రాశి పెరిగింది. రాయి నడుము మునిగింది. చెక్కిన అక్షరాలు ఒక్కో వరసా కిందికి దిగిపోయాయి.

ఎండ చల్లబడే వేళకు, రాయి మునిగిందో లేదో చూడడానికి నగరం ఆఫీసరమ్మ వచ్చింది. ఈ ఏడాదే కొత్తగా వచ్చింది, కళ్లజోడు, పల్చటి మనిషి. మంచిదే. అదే ఇబ్బంది. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని అయినా ఊరట పడొచ్చు.

“నమస్కారం మావయ్యగారూ. నేను చూసింది చూసినట్టే చెబుతాను. మునిగితే మునిగిందంటాను, కనబడితే కనబడిందంటాను.”

“అంతకంటే ఏం కావాలి తల్లీ. అలా నీడలో కూర్చో.”

ఆఖరి చేట ఖాళీ అయింది. మిషను చీపురుతో కల్లం అంచులు ఊడ్చి, ఆ గుప్పెడూ కూడా పోశాడు. కేకల మావయ్య స్టూలు దిగి చూశాడు.

రాశి మధ్యలోంచి రాయి తల బయటే ఉంది. కొబ్బరికాయంత.

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మిషను రాశిని చుట్టూ తిరిగి చూశాడు, ఏదో పక్క నుంచి చూస్తే మునిగినట్టు కనబడుతుందేమో అని. ఉన్నట్టుండి వాడి మొహం వెలిగింది.

“మావయ్యా! చేలో రాలిపోయిన కంకులు ఎన్ని లేవు! చొప్ప కింద, గట్ల పక్కన... ఏరుకొస్తా!”

“ఆగు.”

కేక కాదు, మామూలు మాట. అయినా మిషను కాలు గాల్లోనే ఆగిపోయింది.

“రాలింది మనది కాదురా. కోసినవాడు వెనక్కి తిరిగి ఏరకూడదు. కింద పడ్డది వెనక వచ్చేవాళ్లది. పరిగె వాళ్లది.”

“ఇప్పుడు పరిగె ఏరుకునేవాళ్లు ఎవరున్నారు మావయ్యా? ఎవరూ రారు! పిట్టలు తింటాయి!”

“తిననీ.”

మిషనుకు అర్థం కాలేదు. కేకల మావయ్య చెప్పనూ లేదు. అతని తల్లి ఈ పొలంలో కోత కోసిన మనిషి కాదు. కోతగాళ్లు వెళ్లిపోయాక, వంగిన నడుముతో, చంకలో పిల్లాడితో వచ్చి రాలిన కంకులు ఏరుకున్న మనిషి. ఒకరోజు చంకలోని పిల్లాడు ఆకలికి ఒక్క అరుపు అరిచాడట. చేలో పిట్టలన్నీ ఒకేసారి లేచి అటు పక్క పొలాల్లో పడ్డాయట. అమ్మగారు గట్టు మీద నిలబడి నవ్వి, “వీడికి మా పొలంలో పని ఉంది, నడక వచ్చాక పంపించు” అంది. పంపించింది. అమ్మగారు కోతగాళ్లను ఏనాడూ వెనక్కి తిరగనివ్వలేదు. ఆ రాలిన గింజ మీద బతికిన ప్రాణం ఇప్పుడు ఆ గింజకు చెయ్యి చాపడమా? పొలం పోతే పోనీ. అతను రాశి పక్కన నేల మీద కూర్చుని, కొబ్బరికాయంత రాయితలను చూస్తూ ఉన్నాడు. జీవితంలో అన్నీ చూసిన మొహం. అయినా వేళ్లు వెళ్లి ఆ రాయితలను నిమిరాయి.

బస్సు వచ్చి ఆగింది. కూతురు మామూలుగా తల బయటపెట్టి, అడగబోయింది మింగేసి, ఇంజను ఆపి దిగింది. మిషను పరుగున ఎదురెళ్లి, గేటు దగ్గరే మొత్తం చెప్పేశాడు. టీ బాబాయి స్టవ్వు తగ్గించి చెవి అటు పడేశాడు.

కూతురు వింది. చీరకొంగు నడుముకు బిగించింది.

“నాన్న కోశాడు. నువ్వూ కోశావు. మీ ఇద్దరూ ఏరకూడదు, అంతేగా? నేను కొయ్యలేదు. పొద్దుట్నుంచీ బస్సు నడుపుతున్నా, కావాలంటే వాళ్లందరూ సాక్ష్యం.” అని బస్సు వైపు తిరిగి అరిచింది. తండ్రి గొంతే. “అందరూ వినండి! బస్సు ఇక్కడ కాసేపు ఆగుతుంది. తొందరేమీ లేనివాళ్లు కూర్చోండి. తొందర ఉన్నవాళ్లు దిగి కంకులు ఏరండి, బండి త్వరగా కదులుతుంది!”

ముందు సీటులోని ముసలావిడ చేతిసంచి ఖాళీ చేసి పక్కావిడకు అప్పగించి దిగింది. ఆవిడ వెనక ఆఫీసు బ్యాగులవాళ్లు, కూరల బుట్టలవాళ్లు. టీ బాబాయి స్టవ్వు పూర్తిగా ఆర్పేశాడు. అది ఆరడం ఎప్పుడూ ఎవరూ చూడలేదు. డ్యూటీ దిగిన నర్సులు రోడ్డు దాటి వచ్చారు. బట్టల దుకాణాల్లో అమ్మేవాళ్లు కొలత టేపులు మెడలో ఉండగానే వచ్చారు. డిపోలో మెకానిక్కులు నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఒకప్పుడు మిరపచేనూ నిమ్మతోటా ఉన్న చోట్ల నుంచి జనం లేచి, మిగిలిన ఎకరంలోకి నడిచారు. చూస్తుండగానే చేను నిండా వంగిన నడుములు. అంతమంది పరిగె ఏరడం అమ్మగారి తాతలు కూడా చూసి ఉండరు.

“చొప్ప ఎత్తి చూడండి, కింద ఉంటాయి!” అని మిషను గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని అరుస్తున్నాడు. ముట్టుకుంటానేమో అని తన చేతుల్ని తనే పట్టుకున్నాడు.

కొంగుల్లో, టోపీల్లో, టిఫిను డబ్బాల్లో కంకులు కల్లానికి వచ్చాయి. కేకల మావయ్య లేచి నిలబడ్డాడు.

“అది మీది. పరిగె మీది. ఇంటికి పట్టుకెళ్లండి.”

చేతిసంచి ముసలావిడ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. “మాదేగా?”

“మీదే.”

“మాది ఎక్కడ పోసుకోవాలో కూడా నువ్వే చెబుతావా అన్నయ్యా? తప్పుకో.”

నవ్వులు లేచాయి. కేకల మావయ్య ఆఫీసరమ్మ వైపు చూశాడు. ఆవిడ రాయి దగ్గరికి వచ్చి, వంగి, గింజల్ని కాస్త పక్కకు తోసి, అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా పైకి చదివింది.

“ఈ నేల గింజ అన్నారు. ఎవరు తెచ్చి పొయ్యాలో చెప్పలేదు.” అని గింజల్ని మళ్లీ జాగ్రత్తగా సర్ది, చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టి, తనూ చేలోకి నడిచింది.

కర్రలు మళ్లీ లేచాయి. ఈసారి తాళం లేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. కేకల మావయ్య స్టూలెక్కాడు. సందులోంచి గాలి అవసరానికి మించి వీచింది. చేట ఖాళీ అవడం, ఎవరో నింపి అందించడం. ఛాతీలో పట్టేసింది ఈసారి వదల్లేదు. దాన్ని అలాగే ఉండమని, చేట ఎత్తాడు. కొబ్బరికాయంత ఉన్న రాయి కోడిగుడ్డంత అయింది. కోడిగుడ్డంతది నిమ్మకాయంత. పొద్దు అద్దాల బిల్డింగు పక్క సందులోకి దిగింది. నిమ్మకాయంతది నేరేడు పండంత. నూనె మరకల మెకానిక్కు ఒకడు చొక్కా జేబు తిరగేసి, అడుగున చిక్కుకున్న గింజల్ని గోటితో గీకి మరీ చేటలో వేశాడు.

సన్నటి ధార దిగింది.

రాయి లేదు. రాశి ఒక్కటే ఉంది, కొండలా, నున్నగా, అస్తమించే ఎండలో ఎర్రగా.

“మునిగింది” అంది ఆఫీసరమ్మ, కాలి మట్టి కూడా దులుపుకోకుండా. “నేను చూశాను. మునిగింది.”

అప్పుడు వేశాడు కేకల మావయ్య కేక. పిట్టల కోసం కాదు, ఎవరి కోసమూ కాదు. ఆ కేకకు ఆస్పత్రి పిట్టగోడ మీది పావురాలు లేచి ఊరు మూడుసార్లు చుట్టి వచ్చాయి. సిగ్నల్ దగ్గర బండ్లన్నీ పచ్చదీపం వెలిగినా కదల్లేదు. చాలా రోజులుగా కళ్లు తెరవని రోగి ఒకడు ఆ పూట కళ్లు తెరిచి “కోత అయిపోయిందా?” అని అడిగాడని మూడో వార్డు నర్సు ఒట్టు పెట్టి చెబుతుంది. గేటు పక్కన కార్ల భవనం బోర్డు ఆ అదురుకే ఒక మేకు ఊడి పక్కకు వాలిందంటారు. మిషను చెయ్యి దాని మీద ఉందా లేదా అన్నది ఎవరూ గమనించలేదు.

జనం అరిచారు, ఒకరినొకరు కావలించుకున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరి తలలో పొట్టు ఒకరు దులిపారు. టీ బాబాయి మళ్లీ స్టవ్వు వెలిగించి, గ్లాసులు సరిపోక వంతులవారీగా టీ పోశాడు. ఈ రాశి ఎంత ఎత్తని చెప్పాలా అని అప్పుడే లోపల లెక్కలు వేసుకుంటున్నాడు. కూతురు తండ్రిని పట్టుకుని స్టూలు దింపి, రాశికి ఆనించి కూర్చోబెట్టింది.

“ఇంకా ట్రిప్పు మిగిలింది నాన్నా. జనాన్ని దింపేసి వస్తా. ఇవాళ ఇంటికి పోదాం, నాతో.”

“పోదాంలే. ముందు వాళ్లను పంపించు, పాపం. ఇళ్ల దగ్గర ఎదురుచూస్తుంటారు.”

ఆమె అతని చెవి మీది పొట్టు ఊదేసింది. అతను చిన్నగా నవ్వి, టీ బాబాయి అందించిన గ్లాసు అందుకున్నాడు. బస్సు నిండా పాటలతో కదిలింది.

అతను కాళ్లు చాపుకున్నాడు. వీపుకు గింజ వెచ్చగా ఉంది, రోజంతా ఎండ తాగిన గింజ. జరిగినకొద్దీ అతని వీపు ఆకారానికి సర్దుకుంది. ఎదురుగా చేను ఖాళీగా, శుభ్రంగా, ఒక్క కంకి కూడా మిగలకుండా ఉంది. చూస్తే తృప్తిగా ఉంది. రెండు గుక్కలు తాగి, గ్లాసు పక్కన పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

మిషను చూసి కునుకు తీస్తున్నాడనుకున్నాడు. గోలగా మాట్లాడేవాళ్లను వేలితో గదమాయించి, “నెమ్మది, మావయ్య పడుకున్నాడు” అన్నాడు. జనం గొంతులు తగ్గించి, మునివేళ్ల మీద గేటు దాటారు. కూతురు తిరిగి వచ్చి, పక్కన కూర్చుని, చల్లబడిన చెయ్యి పట్టుకునేదాకా ఆ నిశ్శబ్దం అలాగే ఉంది. ఆమె కేక వెయ్యలేదు. ఆ చెయ్యిని తన ఒళ్లో పెట్టుకుని, రాశి వైపు చూస్తూ, చాలాసేపు కూర్చుంది.

టీ బాబాయి గ్లాసులన్నీ ఏరుకుని తీసుకెళ్లాడు. ఆ ఒక్కటి మాత్రం తియ్యలేదు. సగం మిగిలిన టీ మీద మీగడ కట్టి, ఆ మీగడ మీద ఒక జొన్నపొట్టు వాలి, గాలికి అటూ ఇటూ తిరుగుతోంది.